ఒంటికన్ను సిగ్నల్

మా ఆయనకు ఎరుపు తెలియదు. పెళ్ళైన కొత్తలో ఎర్ర దారపుండ తెమ్మంటే ఆకుపచ్చది తెచ్చాడు. అప్పుడు నాకేమీ అనుమానం రాలేదు. మగవాళ్ళు ఒకటి తెమ్మంటే ఇంకొకటి తేవడం ఎక్కడైనా ఉన్నదే. మార్చుకు రమ్మని తిప్పి పంపితే మళ్ళీ ఆకుపచ్చదే తెచ్చి, నా చేతిలో పెట్టి, ఇప్పుడైనా సరిపోయిందా అన్నట్టు నా మొహంలోకి చూశాడు. ఆ చూపు చూశాకే తెలిసింది, ఈ మనిషి వేళాకోళమాడటం లేదని. ఆయన చేసే ఉద్యోగమేమో రైలు నడపటం.

నేను దర్జీపని చేస్తాను. ఆ రోజుల్లో రైల్వేవాళ్ళ జెండాలు కుట్టే పని కూడా నాకే వచ్చేది. ఎర్రవి ఒక కట్ట, పచ్చవి ఒక కట్ట. సెలవురోజున ఈయన సాయం చేస్తానని మిషను పక్కన చేరి, రెండు కట్టలూ కలగలిపి చక్కగా మడతపెట్టేవాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. జెండాల మాట అలా ఉంచండి, సిగ్నల్ ఎలా చూస్తున్నారని ఒకనాడు గట్టిగా నిలదీశాను. "రెక్క ఉంది కదే" అన్నాడు, అదేదో నేను అడక్కూడని ప్రశ్న అయినట్టు.

నిజమే, అప్పట్లో సిగ్నల్ అంటే ఒక స్తంభం, దానికొక రెక్క. రెక్క అడ్డంగా నిలబడితే ఆగాలి, వాలితే పోవాలి. రంగుతో పనే లేదు. చీకటి పడ్డాకో, పొగమంచు కమ్మినప్పుడో రెక్క కనపడదు, దీపం ఒక్కటే కనపడుతుంది. అందుకు మా తమ్ముడున్నాడు.

డీజిల్ ఇంజనులో ఇద్దరు కూర్చునేవాళ్ళు, డ్రైవరూ, పక్కన అసిస్టెంటూ. ఆ అసిస్టెంటు మా తమ్ముడే. సిగ్నల్ కంటపడగానే ఒకడు దాని రంగు పైకి కేకెయ్యాలి, రెండోవాడు అదే మాట తిరిగి అనాలి. అది రైల్వే రూలు. మిగతా ఇంజన్లలో ఆ కేకలు మొక్కుబడికి వేసేవాళ్ళు. మా వాళ్ళ ఇంజనులో మాత్రం వెయ్యిమంది ప్రాణాలు ఆ కేక మీదే నడిచేవి. తమ్ముడు "పచ్చ" అనేవాడు, ఈయన "పచ్చ" అనేవాడు. తమ్ముడి గొంతు ఎంత పెద్దదంటే, వాడు మా ఇంటికొచ్చి మంచినీళ్ళడిగితే పక్కవాటావాళ్ళు ఉలిక్కిపడేవారు. ఈయన ఎన్నడూ ముందుగా నోరు తెరిచేవాడు కాదు. పాపం, నెమ్మదస్తుడు అని తోటివాళ్ళు మెచ్చుకునేవారు. బావా బావమరదుల జోడీ అంటే అదీ అని కూడా అనేవారు.

కళ్ళ పరీక్ష ఎలా దాటాడని మీకు అనుమానం రావాలి. వచ్చే ఉంటుంది. ఈయన మేనమామ కూడా డ్రైవరే, ఆయనవీ ఇవే కళ్ళు. మేనమామ పోలిక అంటే ముక్కో మొహమో వస్తుందనుకుంటాం, ఈయనకు కళ్ళొచ్చాయి. రైల్వే డాక్టరు దగ్గర రంగురంగుల చుక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది, మామూలు కళ్ళకు అది కనపడుతుంది. ఏ పుటకు ఏ అంకో మేనమామ ఈయనకు ఎక్కాలు నేర్పినట్టు నేర్పాడు. ఏ పుట మూల చిరిగింది, ఏ పుట మీద సిరా మరక ఉంది, అన్నీ చెప్పాడు. అదే పుస్తకం ఇన్నేళ్ళూ నడుస్తోంది. డాక్టర్లు మారారు గానీ పుస్తకం మారలేదు.

నేను ఇదంతా తెలిసీ ఎలా ఊరుకున్నానని అడిగితే, తమ్ముడి నోరు చూసి ఊరుకున్నాను. వాడి కళ్ళు డేగ కళ్ళు. వాడు పక్కన ఉన్నంతకాలం ఈయనకు రెండు జతల కళ్ళున్నట్టే లెక్క.

తరవాత కరెంటు బండ్లు వచ్చాయి.

ముందు స్తంభాలు పాతారు, తరవాత తీగలు లాగారు, ఆపైన స్టేషన్లకు సున్నాలు వేశారు. మా క్వార్టర్లు పట్టాలకు ఆనుకునే ఉంటాయి. డీజిల్ బండి పోతుంటే గూట్లో గ్లాసులు గణగణమనేవి, దండెం మీద బట్టలకు మసి పట్టేది. అవి రెండూ పోయాయి. కొత్త బండి కిటికీ పక్కనుంచి పోయినా తలెత్తి చూస్తే తప్ప తెలియదు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, లోపల చల్లగా ఉంటుంది, జనం వేళకు పనికి చేరుతున్నారు. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, నేనేమీ రాక్షసిని కాను. జెండాల పని తగ్గిపోతే బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకున్నాను.

అయితే ఆ బండ్లతో పాటు ఇంకో రెండు వచ్చాయి. ఒకటి, డ్రైవరు గదిలో కుర్చీ ఒక్కటే. అసిస్టెంట్లు ఇక అక్కర్లేదన్నారు. రెండోది, రెక్కలు పీకేసి రంగు దీపాల సిగ్నళ్ళు పెట్టారు. తమ్ముణ్ణి బ్రాంచి లైను బండికి గార్డుగా వేశారు. అంటే ఆ బండి చివరి పెట్టెలో వెనకచూపు చూస్తూ నిలబడే పని. డేగ కళ్ళవాణ్ణి తీసుకెళ్ళి వెనక నిలబెట్టారు, రంగు తెలియనివాణ్ణి ముందు ఒంటరిగా కూర్చోబెట్టారు. దీన్ని అభివృద్ధి అంటారు కాబోలు.

రంగు దీపాలకు ఈయన మొదట భయపడలేదు. ఎందుకంటే అవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అట్టడుగున వెలిగితే ఎరుపు, దాని పైన పసుపు, దాని పైన పచ్చ. మెట్లు లెక్కపెట్టినట్టు కిందనుంచి లెక్కపెడితే చాలు. చిక్కంతా జంక్షను దగ్గర వచ్చింది. అక్కడ లైను మలుపు తిరుగుతుంది, ఒకవైపు రాతిగోడ, అవతల బ్రాంచి లైను అడ్డంగా వచ్చి కలుస్తుంది. ఆ ఇరుకులో పొడుగు సిగ్నళ్ళు పట్టలేదని, ఆ మలుపు పొడుగునా పొట్టి సిగ్నళ్ళు పెట్టారు. వాటికి ఒకటే గాజు. ఆ ఒక్క గాజులోనే ఎరుపూ, పసుపూ, పచ్చా మారుతుంటాయి. డ్రైవర్లు వాటికి ఒంటికన్ను అని పేరు పెట్టారు. మిగతావాళ్ళకు అది హాస్యం.

ఎర్ర దీపం దాటితే బండి తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు కూడా వస్తోందని ప్రారంభోత్సవం నాడు పెద్ద ఆఫీసరు మైకులో చెప్పాడు. బండిలో పెట్టాల్సిన పెట్టె పెట్టేశారు, పట్టాల దగ్గర పెట్టాల్సింది ఇంకా రాలేదు. త్వరలోనే వస్తుందన్నాడు. మా రైల్వేలో త్వరలో అన్న మాటకు వయసూ ఉండదు, చావూ ఉండదు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఒంటికన్ను సంగతేమిటని అడిగాను. ఈయన తల ఎత్తలేదు.

"రోజూ పచ్చే ఉంటుంది. బ్రాంచి బండి నాకంటే ముందే దాటిపోతుంది."

"అది లేటైతే?"

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

తరవాతి సెలవుకు తమ్ముడు వచ్చాడు. ఇద్దరూ జంక్షను మీద ఉన్న రోడ్డు వంతెన ఎక్కి, కమ్మీలకు ఆనుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒంటికన్నును చూస్తూ నిలబడ్డారట. ఇప్పుడేముంది బావా అని వీడు అడగటం, ఆయన చెప్పటం. ఈ సంగతి తమ్ముడు నాకు వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతూ మొదలెట్టి, నవ్వకుండా ముగించాడు. ఎన్ని సరిగ్గా చెప్పాడురా అంటే, సగం అన్నాడు. ఎరుపా పచ్చా అన్నదాంట్లో సగమంటే బొమ్మా బొరుసూ వేసుకున్నట్టే కదా, కళ్ళు మూసుకుని చెప్పినా అంతే వస్తాయి. ఆ మాటే అన్నాను. వాడు, ఇన్నేళ్ళు కాపాడిన దేవుడు ఇకముందూ చూసుకుంటాడన్నాడు. దేవుడికి సిగ్నల్ చూసే డ్యూటీ ఎవరేశారురా అని నేను విరుచుకుపడ్డాను.

అప్పుడు వాడు గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గించడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"అక్కా, నువ్వు నోరు విప్పితే బావ ఒక్కడే పోడు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చున్నది ఎవరని అడుగుతారు. ఉద్యోగం ఊడబీకి నన్ను జైల్లో కూడా పెడతారు. నాకూ పెళ్ళాం పిల్లలు ఉన్నారు."

ఇంటిగుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు. కానీ ఆ గుట్టు దాస్తే ఎవరికి చేటు? రోజూ ఉదయం ఆ బండిలో ఎక్కేవాళ్ళు నాకు తెలుసు. మా క్వార్టర్ల పిల్లలు బడికి అందులోనే పోతారు, నేను కుట్టిన యూనిఫారాలు వేసుకుని. ఆ అడ్డం వచ్చే బ్రాంచి బండిలో కూడా మనుషులే ఉంటారు, దాని చివరి పెట్టెలో ఈ వెర్రివెధవే ఉంటాడు. ఒరేయ్, నీ మీదికేరా ఆయన బండి వచ్చేది అని చెప్పాను. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మొదట్లో ఈయన ఒంటికన్ను దగ్గరికి రాగానే బండిని నత్తనడక నడిపించేవాడు. అలాగైనా కొంత నయమే. కానీ కొత్త బండి ప్రతిదీ రాసిపెట్టుకుంటుంది, ఎక్కడ నెమ్మదించిందీ ఎంతసేపు నెమ్మదించిందీ. ఆఫీసరు పిలిచి, పచ్చ దీపం ఉండగా ఎందుకు ఈడుస్తున్నావని అడిగాడట. ఏదో సాకు చెప్పి వచ్చాడు. రెండోసారి పిలిచినప్పుడు సాకు వినలేదు, వెనక బండ్లన్నీ నీవల్లే ఆలస్యమవుతున్నాయన్నాడు. ఆ తరవాత ఈయన అక్కడ నెమ్మదించటం మానేశాడు. రోజూ బ్రాంచి బండి వేళకు దాటిపోతోందన్న ఒక్క నమ్మకం మీద, అంతమందిని వెంటబెట్టుకుని ఆ మలుపు తిరుగుతున్నాడు.

షెడ్డులో పని అడగండి అన్నాను. టికెట్ల దగ్గర పని అడగండి అన్నాను. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఈయన కోప్పడడు, అదే నా ఖర్మ. కోప్పడితే రెండు మాటలనుకుని తేల్చుకోవచ్చు. బల్ల మీద టోపీ తీసి, అంచు తుడిచి, మళ్ళీ బల్ల మీద పెట్టేవాడు. పొద్దున్నే క్యారేజీ అందుకుని వెళ్ళిపోయేవాడు. నేను మిషను మీద కూర్చుని, ఆ బండి జంక్షను దాటే వేళ గడిచేదాకా కాలు ఆడించేదాన్ని కాదు. కుట్టు సగంలో ఆగిపోయేది. ఆ వేళ గడిచి బయట ఏ గోలా వినపడకపోతే మళ్ళీ చక్రం తిప్పేదాన్ని. ఇదా బతుకు అనిపించేది.

చివరికి రైల్వే డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నంతసేపూ లేచి పోదామనే అనుకున్నాను. లోపలికి పిలిచాక ఒక్కటే చెప్పాను, మా ఆయనకు రంగులు తెలియవు, పుస్తకం కంఠతా వచ్చు, వేరే రకంగా పరీక్ష చెయ్యండి అని. తమ్ముడి ఊసెత్తలేదు. డాక్టరు మంచివాడే. కంగారుపడ్డాడు, మర్నాడే ఈయనను పిలిపించాడు. కానీ వేరే రకంగా చెయ్యడానికి ఆయన దగ్గర ఇంకేముంది? దీపాలు వెలిగించి చూసే కొత్త మిషను రావాలట, త్వరలో. అదే పుస్తకం తీసి, తెలివిగా పుటలు వెనకనుంచి ముందుకు తిప్పాడట. ఈయన వెనకనుంచి ముందుకు కూడా గడగడా చెప్పేశాడు. ఇంట్లో గొడవలుంటే ఇంట్లోనే చూసుకోవాలి గానీ ఆస్పత్రిదాకా తేకూడదని డాక్టరు ఈయనకు బుద్ధి చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం ఈయన వచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను మిషను ముందునుంచి లేవలేదు.

"నన్ను బండి దింపించాలనుకున్నావా?"

"అవును."

తిడతాడనుకున్నాను. తిట్టినా బావుండేది. "దిగి ఏం చెయ్యనే?" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే నన్ను అడిగాడు. కాళ్ళకు ఇంకా బరువైన ఆ బూట్లుండగానే గోడవారగా చతికిలబడ్డాడు. ఈ మనిషికి స్నేహితులు లేరు, పేకాట లేదు, సెలవురోజున కూడా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పోయే బండ్లను చూస్తాడు. ఇంకో పని రాదు, ఇంకో పని మీద ఆశా లేదు. నాకు జాలేసింది, అంతకుమించి కోపమొచ్చింది, రెండూ కలిసి ఏడుపొచ్చింది. నువ్వు చేసిన దానికి ఏడవాల్సింది నేను కదా అన్నట్టు చూసి, ముందుగదిలో చాప పరచుకున్నాడు. ఆ రోజునుంచి పడక అక్కడే. తమ్ముడు మా గడప తొక్కటం మానేశాడు. వాడి భార్య బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగేది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక నాకు మిగిలిన దారి ఒక్కటే అనిపించింది. కుట్టాల్సిన బట్టలు మూట కట్టుకుని, పొద్దున్నే ఈయన బండిలోనే ఎక్కటం మొదలుపెట్టాను. మొదటి పెట్టెలో, డ్రైవరు గదిని ఆనుకుని. ఆ గది తలుపుకు చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి చూస్తే ఈయన భుజం, ఆ భుజం మీదుగా ముందు పట్టాలు, సిగ్నళ్ళు కనపడతాయి. తలుపు పక్కన గోడకు ఎర్ర పిడి ఉంటుంది. చైను అని పాత పేరుతోనే అందరూ పిలుస్తారు గానీ అది పిడే, లాగితే బండి ఆగుతుంది. నేను ఆ పిడి కింద నిలబడేదాన్ని. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడే నన్ను చూసి జనం ఏమనుకున్నారో నాకు తెలియదు. జంక్షను దాటాక తరవాతి స్టేషన్లో దిగి, తిరుగుబండిలో ఇంటికొచ్చేదాన్ని.

ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరోజు ఏ స్టేషన్లోనో వెనక్కి తిరిగి అద్దంలోంచి నన్ను చూశాడు. మొహంలో ఏమీ కదలలేదు. చెయ్యి చాచి అద్దానికున్న తెర లాగేశాడు. ఆ పూట జంక్షను దాటేదాకా నేను ఆ నల్లగుడ్డ వంక చూస్తూ, చేతికందినదాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు వెళ్ళేసరికి తెర తీసి ఉంది. ఆ తరవాత ఎప్పుడూ వెయ్యలేదు. దాన్ని ఏమనుకోవాలో నాకు తెలియలేదు. మరిచిపోయాడేమో అనుకున్నాను, కానీ ఈయన మరిచిపోయే మనిషి కాదు. ఒంటరిగా ఉన్నా సిగ్నల్ రంగు పైకి కేకెయ్యాలని రూలు ఇంకా ఉంది. తలుపులోంచి ఆ కేకలు వినపడేవి. ఈయన రెండు కేకలూ తనే వేసేవాడు. మొదటిది గట్టిగా, అచ్చం మా తమ్ముడి లాగే సాగదీసి. రెండోది మెల్లగా, తన గొంతుతో.

ఒకరోజు పొద్దున, రాత్రంతా కురిసిన వాన వెలిసి ఎండ కాసింది. జంక్షనుకు ముందు స్టేషన్లో తలుపులు తెరుచుకున్నప్పుడు మైకులో చెబుతున్నారు, బ్రాంచి లైను బండి ఆలస్యంగా నడుస్తోందని. గుండెల్లో రైళ్ళు పరిగెత్తటం అంటారు చూడండి, అది మాట కాదు, నిజంగానే ఉంటుంది. మూసిన గదిలో కూర్చున్న ఈయనకు ఆ మైకు వినపడిందా లేదా? చిన్నగా తలుపు తట్టాను. అప్పటికే బండి కదిలింది.

మలుపు మొదలైంది. రాతిగోడ పక్కకు వచ్చింది. ఒంటికన్ను కనపడింది, నిక్షేపంగా కనపడింది. ఎరుపు. నా జన్మంతా కుట్టిన గుడ్డ రంగు, నాకు తెలియదూ?

"ఒంటికన్ను, పచ్చ" అని లోపల మా తమ్ముడి గొంతు పలికింది. "పచ్చ" అని ఈయన గొంతు పలికింది. ఈయన చెయ్యి బండి నడిపే పిడిని ముందుకే తోసింది.

అరచేత్తో తలుపు మీద దబదబా బాదాను. ఆ భుజం కదల్లేదు. ఎవడో ప్రయాణికుడు తొందరపడుతున్నాడు అనుకున్నాడేమో, ఏమనుకున్నాడో. మూట వదిలేసి, రెండు చేతులతో ఎర్ర పిడి పట్టుకుని వేలాడాను.

బండి కీచుమంటూ ఆగింది. నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళ మీద పడ్డారు. ఆఫీసుకు వెళ్ళే ఒకామె చేతిసంచీ జారి అందులో కళ్ళద్దాలు పగిలాయి. ఆమె నా భుజం పట్టుకుని ఊపేస్తూ పిచ్చిదానా అని మొదలుపెట్టి ఇంకా చాలా అంది. వెనకనుంచి మగవాళ్ళు, ముందు దీన్ని పోలీసులకు పట్టివ్వండి అంటున్నారు. ఎవరి పిల్లో ఏడుస్తోంది. నేను పిడి వదల్లేదు.

డ్రైవరు గది తలుపు తెరుచుకుంది. ఈయన నా మొహం చూడలేదు, పిడి మీద ఉన్న నా చేతులు చూశాడు. తరవాత ముందు అద్దం వైపు తిరిగాడు. ఒంటికన్ను ఇప్పుడు ఎదురుగా, దగ్గరగా ఉంది. దానివంక చాలాసేపు చూశాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఎరుపా?" అని అడిగాడు.

పచ్చ అని ఉండొచ్చు. డ్రైవరు పెళ్ళానికి మతి చెడింది, ఊరికే చైను లాగింది అని జరిమానా వేసేవారు. ఆయన ఉద్యోగం ఆయనకుండేది, తమ్ముడి బతుకు వాడికుండేది. కానీ నేను పచ్చ అంటే ఈయన బండి కదుపుతాడు. ఇంకేమీ చూడడు, నా మాట మీద కదుపుతాడు.

"ఎరుపే" అన్నాను.

తల ఊపాడు. అంతలో ఎడమవైపునుంచి బ్రాంచి బండి వచ్చింది. మా ముందునుంచే అడ్డంగా, చప్పుడు లేకుండా, కిక్కిరిసి పోతోంది. అద్దాలకు ఆనుకుని నిద్రపోతున్నవాళ్ళు, ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు, తల్లి ఒళ్ళో నిలబడి మా వైపు వేలు చూపిస్తున్న పసివాడు. ఒక్కో పెట్టే పోతుంటే ఈయన పెదవులు లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. చివరి పెట్టె కిటికీలో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. మా బండిని చూశాడు. ముందు అద్దంలోంచి బావనూ, బావ వెనక నన్నూ చూశాడు. వాడి మొహం విప్పారింది. మేమిద్దరం మళ్ళీ కలిసిపోయామనుకున్నాడు, ఇంకేమనుకుంటాడు? పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఎన్నాళ్ళైందో వాణ్ణి చూసి. నా చెయ్యి లేవలేదు.

గదిలో ఫోను మోగింది. కంట్రోలువాళ్ళు. ఎందుకు ఆగావని అడుగుతున్నారు, ఆ గొంతు నాకూ వినపడుతోంది.

"సిగ్నల్ ఎర్రగా ఉందిట సార్" అన్నాడు.

ఉందిట ఏమిటి, నీకు కనపడలేదా అని అవతలివాడు కసిరాడు. ఈయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. తప్పుకోవడానికి మాటలు ఎన్నో ఉన్నాయి. ఎండ కళ్ళలో పడిందనొచ్చు, అద్దం మీద నీళ్ళున్నాయనొచ్చు. ఈయన నోట ఒక్కటీ రాలేదు.

"నాకు కనపడదు సార్. ఇంకో డ్రైవర్ని పంపండి."

ఎప్పట్నుంచి అని అవతలనుంచి అడిగారు. ఈయన అద్దంలోంచి, దూరమవుతున్న ఆ చివరి పెట్టెను చూశాడు. నేనూ చూశాను. అబద్ధం చెప్పండి, ఈమధ్యనే అనండి, వాణ్ణి వదిలెయ్యండి అని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది.

"మొదట్నుంచీ" అన్నాడు.

అవతలి పట్టాల మీద మా తమ్ముడు ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.